ఇంటి నుదుట జంతికల నక్షత్రాలు

మొన్నీమధ్య మా మేనకోడలు నన్ను నేరేడ్‌మెట్‌లో కొత్తగా తెరిచిన ఒక కాఫీ షాపుకి లాక్కెళ్ళింది. "అత్తా, నీకు పాతవంటే ఇష్టం కదా, అక్కడన్నీ పాతవే" అంది. నాకు పాతవంటే ఇష్టమని నేనెప్పుడూ అనలేదు. యాభై దగ్గరపడ్డ మనిషికి పాతవి ఇష్టమని పిల్లలే తీర్మానించేసి, కాఫీకి కూడా తిరగళ్ళ మధ్యకి తీసుకెళుతుంటారు. వెళ్ళి చూస్తే నిజంగానే తలుపులన్నీ బల్లలైపోయి ఉన్నాయి, కిటికీలు గోడలకి పటాల్లా వేలాడుతున్నాయి. కౌంటరు పైన గోడలో ఒక సిమెంటు పలక బిగించి, దాని మీదికి ప్రత్యేకంగా ఒక దీపం పెట్టారు. పలక మధ్యలో ఒక సంవత్సరం అంకె, చుట్టూ అంచున చిన్నచిన్న ఉబ్బెత్తు నక్షత్రాలు. షాపు నడిపే అమ్మాయి మా చూపు అటు పడగానే వచ్చి, "హండ్రెడ్ ఇయర్స్ దాటింది మేడమ్, ఏదో నవాబుగారి బంగళాది. ఆ స్టార్స్ చూడండి, అప్పటి పనితనం ఇప్పుడెక్కడిది?" అంది. నాకు కాఫీ ముక్కులోకి పోయింది. ఎందుకంటే ఆ పలకకి సిమెంటు కలిపింది నేను. అంకె చెక్కింది మా పెదనాన్న, తుప్పు పట్టిన మేకుతో. నక్షత్రాలు మా పెద్దమ్మ జంతికల గొట్టానివి. ఆ అంకె ఏమిటో మాత్రం ఇక్కడ రాయను. పోయినవాళ్ళ పరువు కొంతైనా కాపాడాలి కదా.

నా డిగ్రీ అయ్యేసరికి ఊళ్ళో ప్రతివాళ్ళ నోటా ఒకటే మాట, కంప్యూటరు. బొబ్బిలి అవతల మా ఊళ్ళో కరెంటే రోజుకి నాలుగుసార్లు పోయేది, అయినా మా నాన్న "కంప్యూటరు నేర్చుకుంటే కానీ బతుకు లేదు" అని ఎక్కడో విని, నన్ను తీసుకొచ్చి సీతాఫల్‌మండిలో ఆయన అన్నగారింట్లో దింపి వెళ్ళారు. పెదనాన్న సూర్యనారాయణ గారు రైల్వే క్వార్టర్ల మరమ్మతులు చూసే ఓవర్సీరుగా రిటైరయ్యారు. వీధంతా ఆయన్ని ఓవర్సీరు గారనే పిలిచేది. పిల్లల్లేరు. పెద్దమ్మ, ఆయన, ఒక రేడియో, ఇప్పుడు నేను. ఇల్లు మాది కాదు. ముందు రెండు గదులూ వంటిల్లూ మాకు అద్దెకిచ్చి, వెనక గదిలో ఇంటి యజమానురాలు సత్తెమ్మవ్వ ఒక్కతే ఉండేది. ఆవిడకి ఆ ఇల్లు తప్ప ఆస్తి లేదు, మా అద్దె తప్ప ఆదాయం లేదు, పెదనాన్నని ఆటపట్టించడం తప్ప వేరే కాలక్షేపం లేదు.

ఆ ఇంట్లో పొద్దున్న నాలుగున్నరకి డికాక్షన్ వాసనతో మెలకువ వచ్చేది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినబడగానే పెద్దమ్మ "అదిగో, ఇవాళ కూడా లేటే" అనేది, అది ఏ రైలో ఆవిడకీ తెలీదు. ఆవపెట్టిన కూర ఘాటు వీధి చివరి వరకూ వెళ్ళి, సత్తెమ్మవ్వ వెనక గదిలోంచి తుమ్మి, "ఏందమ్మా, కూర వండుతున్నవా, మమ్ముల వెళ్ళగొడుతున్నవా?" అని అరిచేది. పెదనాన్న కొలత టేపుకి కొబ్బరినూనె రాస్తూ పేపరు చదివేవారు. అందులో ఆయన చదివేది ఒక్కటే, అపార్ట్‌మెంట్ల ప్రకటనలు. అవి ఆయనకి చావుకబుర్లతో సమానం. "పోయిందే! మారేడ్‌పల్లిలో మరోటి పోయింది. రెండు వరండాలూ, రంగు అద్దాల వెంటిలేటర్లూ, బంగారం లాంటి ఇల్లు. ఇప్పుడక్కడ నీలం అద్దాల డబ్బా కడతాడట" అని కళ్ళజోడు తీసి తుడుచుకునేవారు. పెద్దమ్మ "స్నానం సెయ్యాలేటి?" అని అడిగేది, మైల స్నానం గురించన్నమాట.

పెదనాన్నకి ఒక విద్య ఉండేది. ఉందని ఆయన నమ్మేవారు. ఏ ఇంటినైనా బయట నిలబడి చూసి వయసు చెప్పెయ్యడం. సంవత్సరాల్లో చెప్పేవారు కాదు, మనుషుల్లో చెప్పేవారు. "ఇది మా నాన్న ఈడుది. ఇది నాకన్నా రెండేళ్ళు చిన్నది. ఇదిగో ఇది మాత్రం నీ ఈడు గుంట, అందుకే ఇంత తిక్కగా ఉంది" అనేవారు. ఆదివారం వచ్చిందంటే చాలు, జేబులో చిన్న సుత్తి, చేతిలో టేపు, పక్కన నేను. "ఇంటి వయసు గోడనడక్కు, కిటికీనడుగు. గోడకి సున్నం వేసి మూసెయ్యొచ్చు, కిటికీ దాగదు. గుండ్రటి ఊచలు నిలువుగా ఉన్నాయంటే ముసలిది. ఊచలు మెలితిప్పి ఉంటే నడివయసుది. నెమలి గ్రిల్లు పెట్టాడంటే, వాడు బాంకు లోను తీసుకున్నాడని అర్థం" అని పాఠం చెప్పేవారు. కిటికీ మీద సిమెంటు చజ్జా ఉంటే ఇల్లు ఆయన దృష్టిలో పసిపిల్ల. చెక్క చూరు ఉంటే చేతులు జోడించేవారు. మూలలు గుండ్రంగా తిప్పి, గోడ మీద అడ్డంగా మూడు గీతలు లాగిన ఇళ్ళు కొన్ని ఉండేవి, వాటిని చూసి "ఇవి ఓడలవ్వాలనుకుని ఇళ్ళయిపోయాయి" అనేవారు. ఆ మాట మాత్రం నాకిప్పటికీ ఇష్టం.

ఆయన పరీక్ష పద్ధతి కాస్త తక్లీఫుగా ఉండేది. ఎవరింటి గోడనైనా సరే సుత్తితో కొట్టి, డాక్టరులా చెవి ఆనించి వినేవారు. బోయిన్‌పల్లి మార్కెట్లో వారానికి సరిపడా కూరలు కొనుక్కుని తిరిగొస్తూ ఒకసారి ఒక డాబా ఇంటి ముందు ఆగి, గోడ మూర వేసి కొలుస్తూ, నన్ను ఆనపకాయ పట్టుకుని పక్కకి నిలబడమన్నారు. లోపల్నించి ఒకావిడ వచ్చింది. పెదనాన్న ఎప్పటిలాగే వినయంగా, "అమ్మా, ఇల్లెప్పుడు కట్టారు? సొంతమేనా? గోడలు పదిలంగా ఉన్నాయా?" అన్నారు. ఆవిడ ఆయన్ని చూసింది, ఆయన పక్కన తలవంచుకుని ఆనపకాయతో నిలబడ్డ నన్ను చూసింది. ఒక్కసారిగా మొహం వెలిగిపోయి, "అయ్యో, చెప్పి రావద్దా? లోపలికి రండి, రండి" అని సోఫాలో కూర్చోబెట్టి, జీడిపప్పు, మిక్స్చరు పెట్టి, అయిదు నిమిషాల్లో తెల్లచొక్కా వేసుకున్న వాళ్ళబ్బాయిని తెచ్చి ఎదురుగా కూర్చోబెట్టింది. "మా వాడు సాఫ్ట్‌వేరే" అంది. పెదనాన్న అతని వంక ఒక్కసారి కూడా చూడలేదు. పైకప్పు దూలాల వైపే చూస్తూ "చాలా బాగుంది, గట్టిగా ఉంది, ఇంకో నలభై ఏళ్ళు ఢోకా లేదు" అన్నారు. ఆ అబ్బాయి సిగ్గుపడ్డాడు. ఇంటికొచ్చాక ఈ సంగతి విన్న పెద్దమ్మ "ఒలమ్మో, మన గుంట పెళ్ళి దూలాలకి చేసేసొచ్చాడు" అని రెండు రోజులు నవ్వింది. తర్వాత ఆ ఇంటావిడ కబురు పంపితే, జాతకాలు కుదరలేదని చెప్పాల్సి వచ్చింది.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషి ఆయన. తార్నాక దగ్గర ఒక ఇల్లు చూసి "అరవై ఏళ్ళకి తక్కువుండదు" అన్నారు. గేటు దగ్గరున్న పెద్దాయన "పోయినేడు గృహప్రవేశం చేసినమండి, మేమే కట్టించినం" అన్నాడు. పెదనాన్న జాలిగా నవ్వి, "మీకు తెలియదు లెండి" అని వచ్చేశారు. తప్పు అన్న మాట ఆయన నోట నేను వినలేదు. పెద్దమ్మ ముప్పయ్యారేళ్ళ కాపురంలో వినలేదట. చారులో ఉప్పు రెండుసార్లు వేసినా, "సముద్రం పక్కన పుట్టినవాళ్ళకి ఆ మాత్రం ఉండాలి" అనేవారు.

మేమున్న ఇల్లంటే ఆయనకి ప్రాణం. అందులో దొరకని పాతదనం లేదు. వీధి తలుపు బర్మా టేకు, దాని మీద ఇత్తడి బొడిపెలు. ఒక కిటికీకి గుండ్రటి ఊచలు, ఇంకో దానికి చెక్క రెక్కలు, వంటింటి వెంటిలేటరుకి ఎర్రటి అద్దం. ఎండ పడితే పెద్దమ్మ వండే అన్నం కాస్త గులాబీ రంగులో కనబడేది. "ఇది నిజాం కాలం ఇల్లు. ఏ దొరో ఉండి ఉంటాడు" అని ఆయన వీధంతా చాటేవారు. ఎదురింటి లెక్కల మేష్టారు మాత్రం తన ఇంటి నుదుటి వైపు వేలు చూపించేవారు. అక్కడ ఆయన తాతగారు కట్టించిన సంవత్సరం రాతి పలక మీద ఉంది. "మీ ఇంటికి పలకేదండీ?" అన్నారు ఒకరోజు. అంతే, పెదనాన్నకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు మేష్టారు బడికెళ్ళగానే నన్ను పెరట్లోకి పిలిచారు. ఒక తట్ట సిమెంటు, చెక్క చట్రం. మేష్టారి పలక కన్నా పదిహేనేళ్ళ ముందు సంవత్సరం చూసి అంకె చెక్కారు. బోసిగా ఉంది, అంచున ఏదైనా పువ్వు ఉండాలన్నారు. చుట్టూ చూశారు. పెద్దమ్మ ఆ ఇంట్లో రెండే వస్తువుల్ని దేవుడితో సమానంగా చూసేది, ఒకటి దేవుడు, రెండు వాళ్ళమ్మ ఇచ్చిన ఇత్తడి జంతికల గొట్టం. దాని బిళ్ళకి మూడు నక్షత్రాలుండేవి. నడిమి నక్షత్రానికి ఒక కోణం ఎప్పుడో అరిగిపోయింది, అందుకే మా ఇంటి జంతికల్లో మూడింట ఒకటి ఒకవైపు బోడిగా ఉండేది. పెదనాన్న ఆ బిళ్ళ ఊడదీసి తడి సిమెంటు మీద వరసగా ఒత్తుకుంటూ పోయారు. నాకు నవ్వాగక ఆయన మోచెయ్యి కదిపాను, కుడివైపు కింద ఒక ఒత్తు వంకర పోయింది. ఆరిన తర్వాత దాన్ని ముసలి చెయ్యడం మొదలైంది. టీ డికాక్షన్ పోశారు, పేడ రుద్దారు, పాచి పట్టడానికి వారం రోజులు పెరుగు పూశారు. "నాకు మజ్జిగలోకి పెరుగుండదు గానీ, ఈ బండకి మాత్రం రోజూ పెరుగన్నమా!" అని పెద్దమ్మ రుసరుసలాడింది. గొట్టం సంగతి ఆవిడకి అప్పటికి తెలీదు. ఆ దసరాకి జంతికలు తింటుంటే పంటికింద ఇసుక తగిలినట్టు కరకరలాడితే, "పిండి సరిగా ఆడలేదు మిల్లోడు" అని అందరం మిల్లోణ్ణి తిట్టాం. పెదనాన్న అందరికన్నా గట్టిగా తిట్టారు.

ఒక రాత్రి వీధి నిద్రపోయాక పలక గుమ్మం పైన బిగించి, మీద సున్నం పూసి, ఒక ఆదివారం వీధంతా చూస్తుండగా గోకుతూ "ఆహా! ఇక్కడేదో ఉందే!" అని బయటపెట్టారు. మేష్టారు కళ్ళద్దాలు సర్దుకుని చాలాసేపు చూసి, లోపలికెళ్ళిపోయారు. సత్తెమ్మవ్వ చీపురు పట్టుకుని కింద నిలబడి, పైకి చూసి, పెదనాన్న వైపు చూసి, "మంచిగుంది ఓవర్సీరూ" అంది, అంతే.

ఇదంతా ఇలా ఉండగా నా కంప్యూటరు కోర్సు చివర్లో ప్రాజెక్టు చెయ్యమన్నారు. తోటివాళ్ళంతా పేరోల్, లైబ్రరీ అంటూ ఒకరిది చూసి ఒకరు చేస్తుంటే, నేను పెదనాన్న విద్యనంతా ఒక వెబ్ పేజీ చేశాను. సికింద్రాబాద్ పాత ఇళ్ళు, వాటి గుర్తులు, వాటి వయసు. మొదటి ఇల్లు మాదే. మా వీధి పేరు, ఇంటి నంబరు, పలక అంకె, అన్నీ పెట్టాను. ఇంటర్నెట్ సెంటర్లో గంటకి ఇంతని కట్టి పెదనాన్నకి చూపిస్తే, ఆయన తెర ముందు చెప్పులు విడిచి కూర్చున్నారు. "అంటే అమెరికాలో వాడెవడైనా మన సీతాఫల్‌మండి ఇల్లు చూడొచ్చునేటే?" అన్నారు. చూడొచ్చన్నాను. నన్ను ఆ రోజు రెండు సమోసాలు తినమన్నారు.

అమెరికా వాడు చూశాడో లేదో గానీ మున్సిపాలిటీ ఆయన చూశాడు. ఆ ఏడు వానలకి ముందు, కూలిపోయేలా ఉన్న పాత ఇళ్ళని గుర్తించి ఖాళీ చేయించమని వాళ్ళకి పై నుంచి హుకుం వచ్చిందట. ఒక పొద్దున్న ఒక ఇంజనీరు, చేతిలో ఫైలుతో గేటు దగ్గర నిలబడ్డాడు. మర్యాదస్థుడు. "నమస్తే సార్. లిస్టుల మీ ఇల్లే ఫస్టుంది" అన్నాడు.

పెదనాన్న ఛాతీ ఒక అంగుళం పెరిగింది. "ఉంటుంది మరి. రండి, కాఫీ తాగండి. ఏ లిస్టది, చారిత్రక కట్టడాలా?"

"కాదు సార్, కూలగొట్టేటివి."

ఆయన ఫైలు తెరిచి చూపించాడు. నా వెబ్ పేజీని అచ్చు తీసి పెట్టారు. అక్షరం అక్షరం నాదే. ఇంజనీరు పైకి చూసి పలక అంకె రాసుకున్నాడు. "గింత పాతదంటే మస్తు రిస్కు సార్. వానలు షురూ గాకముందే ఖాళీ చేయాలె. పదిహేను రోజులల్ల నోటీసు వస్తది" అన్నాడు.

పెదనాన్న జేబులోంచి సుత్తి తీశారు. "పాతదంటే, మరీ అంత పాతది కాకపోవచ్చు. గోడలు చూడండి, ఎంత గట్టిగా ఉన్నాయో!" అని సుత్తితో ఒకటి కొట్టారు. సరిగ్గా ఆ దెబ్బకే పెచ్చు ఒకటి ఊడి ఇంజనీరు బూటు మీద పడింది. "కిటికీ చూడండి" అన్నారు. ఇంజనీరు కిటికీ చూసి, నా కాగితం చూసి, "గుండ్రటి ఊచలు నిలువుగా ఉన్నాయంటే ముసలిది అని ఇందులనే రాసుంది గదా సార్" అన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఇంటికి వయసు పెంచుతూ వచ్చిన మనిషి, ఒక్క పూటలో తగ్గించబోతే ఎలా తగ్గుతుంది? చూపించిన ప్రతిదీ ఇంటిని ఇంకో పదేళ్ళు ముసలిదాన్ని చేస్తోంది.

అప్పుడు వెనక గదిలోంచి సత్తెమ్మవ్వ వచ్చింది. "ఏంది సార్ గీ లొల్లి? గీ ఇల్లు నిజాం కట్టలే, నా మొగుడు నర్సయ్య కట్టిండు. నా లగ్గమైన నాలుగేండ్లకు. ఇసుక నేనే మోసిన."

వీధి అప్పటికే సగం చేరింది. పెదనాన్న "ఏటంటావు సత్తెమ్మా! మరి ఆ టేకు తలుపు? ఆ ఎర్ర అద్దం?" అన్నారు. ఆ గొంతులో నోటీసు కన్నా ఇదే ఎక్కువ బాధపెట్టినట్టు వినిపించింది.

"ఆయన కట్టెల అడితిల పని చేస్తుండె. దొరల బంగ్లాలు కూలగొడితే తలుపులు, కిటికీలు, ఇనుప ఊచలు అడితికే వస్తుండె. ఏది అగ్గువకు దొరికితే అది తెచ్చిండు. గందుకే గదా, ఇంట్ల రెండు కిటికీలు ఒక్క తీరుగ లేవు! తలుపొక బంగ్లాది, అద్దమొక బంగ్లాది. గోడలు మాత్రం మావి."

ఒక్కసారి అందరం ఇంటి వైపు తిరిగి చూశాం. నిజమే. ఏ రెండు కిటికీలూ ఒకేలా లేవు. ఇన్నేళ్ళు పెదనాన్న ఒక్కో కిటికీనీ విడివిడిగా ప్రేమించారు కానీ, ఇంటిని మొత్తంగా ఎప్పుడూ చూడలేదు. పదిమంది బట్టలు తొడుక్కుని నిలబడ్డ ఇల్లది.

"ఇన్నేళ్ళు నాతో ఎందుకు చెప్పలేదు?" అన్నారు పెదనాన్న.

"నువ్వు అడగలే, నేను చెప్పలే" అంది సత్తెమ్మవ్వ. "గోడనడిగినవు, కిటికీనడిగినవు. నన్నెన్నడన్న అడిగినవా?"

ఇంజనీరు మొహమాటంగా తల గీరుకున్నాడు. "అవ్వా, కాగితాలున్నాయా?" కాగితాలు చెదలు తినేసి చాలా కాలమైంది. "మరి మీరు చెప్పేది నిజమైతే గా పలకేంది? అంకె రాసుంది గదా. పలకకంటే పెద్ద సబూతు ఏముంటది?" సత్తెమ్మవ్వ పలక వైపు ఒకసారి చూసింది. "గీ ఇల్లు పోతే నేను యాడికి పోవాలె సార్?" అంది. ఆ మాట ఆవిడ ఎవర్నీ ఆటపట్టిస్తూ అనలేదు. అప్పటిదాకా నవ్వుతూ నిలబడ్డ వీధి కూడా నవ్వడం మానేసింది. ఆ పలక సంగతి తెలిసింది ముగ్గురికే, పెదనాన్నకీ నాకూ, లోపల వంటింట్లో ఉన్న పెద్దమ్మకీ. సత్తెమ్మవ్వ ఊహించి ఉంటుంది, కానీ చెప్పలేదు. చెబితే ఇంటి కోసం ఆయన పరువు తీసినట్టవుతుందని అనుకుందో ఏమో. నేను నోరు తెరవబోయాను. పెదనాన్న నా వైపు చూసి, చెయ్యెత్తి ఆపారు. గేటు అవతల మేష్టారు కూడా నిలబడి ఉన్నారు. పెదనాన్న మేష్టారిని చూశారు, పలకని చూశారు, చివరికి సత్తెమ్మవ్వని చూశారు.

"ఆ పలక నేను చేశాను" అన్నారు.

"మీరు ఇల్లు కాపాడనీకి చెప్తున్నరు సార్, నాకు సమజైతది" అన్నాడు ఇంజనీరు దయగా. పాచి చూశాడు, డికాక్షన్ మరకలు చూశాడు. "గింత పాత పని ఇప్పుడెవరు చేస్తరు? ఆ నక్షత్రాలు చూడండి, ఎంత హునరు, ఎంత పనితనం!" పెరుగు అంత బాగా పనిచేసిందన్నమాట.

పెదనాన్న లోపలికి తిరిగి పెద్దమ్మని కేకేశారు. "ఏమేవ్! జంతికల గొట్టం పట్రా."

పెద్దమ్మ గొట్టం తెచ్చింది. ఎందుకో తెలియక, అందరికీ జంతికలు వెయ్యమంటారేమోనని సగం పిండి కూడా తడిపి వచ్చింది. పెదనాన్న బిళ్ళ ఊడదీసి ఇంజనీరు చేతిలో పెట్టారు. కుర్చీ వేయించి, ఎక్కించి, పలక మీద పెట్టి చూసుకోమన్నారు. మూడు నక్షత్రాలూ అచ్చు గుద్దినట్టు సరిగ్గా కూర్చున్నాయి. నడిమి దాని అరిగిన కోణం, పలక మీద ప్రతి నడిమి నక్షత్రానికీ అరిగే ఉంది. ఇంజనీరు కుర్చీ మీద నుంచే నవ్వడం మొదలుపెట్టాడు. కింద పెద్దమ్మ మొహం మాత్రం నెమ్మదిగా మారింది. దసరా, పంటికింద కరకర, మిల్లోడు, అన్నీ వరసగా గుర్తొచ్చాయి.

"మా అమ్మ గొట్టంతో సిమెంటా?" అంది. "మన చేత సిమెంటు తినిపించారేటండీ?"

ఇంజనీరు దిగి, గోడ మూల ఇంకో పెచ్చు ఊడదీసి, లోపల పాతకాలపు సున్నం కాక ఇటుకా సిమెంటూ ఉండటం చూసుకుని, "మీరు అన్నది కరెక్టే, ఇది గంత పాతది కాదు. కానీ ఫైల్ల పెట్టనీకి రాతపూర్వకంగా కావాలె సార్" అన్నాడు. పెదనాన్న అరుగు మీద కూర్చుని, తెల్లకాగితం మోకాలి మీద పెట్టుకుని, ఓవర్సీరు దస్తూరీలో రాశారు. 'పై పలక నేనే స్వహస్తాలతో చేసితిని. ఈ ఇంటి వయసు విషయమై నేను ఇన్నాళ్ళూ చెప్పినది'. అక్కడ పెన్ను ఆగింది. ఎంతసేపు ఆగిందంటే, పెద్దమ్మ కోపం మర్చిపోయి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. చివరికి రాసి ఇచ్చారు. ఇంజనీరు కాగితం కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, దూరం పెట్టుకుని, వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఆఖరి మాట జెర పెద్దగ రాయండి సార్, కనిపిస్తలేదు."

పెదనాన్న కాగితం వెనక్కి తీసుకుని, 'తప్పు' అని ఈసారి లైను మొత్తం నిండేలా రాశారు.

ఫైలు మూసి ఇంజనీరు వెళ్ళిపోయాడు. వీధి సర్దుకుంది. మేష్టారు మాత్రం గేటు దాటి లోపలికొచ్చారు. ఇక దెప్పుతారనుకున్నాను. ఆయన పలక వైపు చూస్తూ, "ఓవర్సీరు గారూ, మా రాతి పలక మీద ఒక్క పువ్వు లేదండీ. మీ నక్షత్రాలు చూసి ఏడాదిగా నాకు నిద్ర లేదు" అన్నారు. పెదనాన్న అప్పుడు ఏడ్చారు. నవ్వుతూనే ఏడ్చారు. నేనూ ఏడ్చాను. ఆ రోజు ఆయన్ని చూసి నాకు ఎంత గర్వంగా అనిపించిందో, అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

పలక ఊడదీశాక సత్తెమ్మవ్వ దాన్ని బోర్లా వేసి, బట్టలుతికే బండ చేసుకుంది. పెద్దమ్మ నాలుగు నెలలు పెదనాన్నకి జంతికలు పెట్టలేదు. ఆదివారం నడకలు ఆగలేదు కానీ పద్ధతి మారింది. సుత్తి ఇంట్లో వదిలేసేవారు. గేటు కొట్టి, "అమ్మా, మీ ఇంట్లో అందరికన్నా పెద్దావిడ ఎవరమ్మా?" అని అడిగేవారు. ఆ పెద్దావిడలు చెప్పే కబుర్లకి అంతుండేది కాదు. ఎవరు ఇసుక మోశారు, ఏ గది కట్టేటప్పుడు ఎవరు పుట్టారు, మేస్త్రీ ఏ పూట అలిగి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాల్సిన వాళ్ళం సాయంత్రం టీకి తేలేవాళ్ళం. నా వెబ్ పేజీని నేనే తీసేశాను. ప్రాజెక్టుకి మార్కులు మాత్రం పేరోల్ చేసినవాళ్ళకే ఎక్కువ వచ్చాయి.

ఆ ఇల్లు ఇంకా చాలా ఏళ్ళు నిలబడింది. సత్తెమ్మవ్వ తన చివరి రోజు వరకూ ఆ వెనక గదిలోనే ఉంది. అందరూ పోయాక అదీ అపార్ట్‌మెంటైంది, తలుపులూ కిటికీలూ వచ్చిన దారినే మళ్ళీ అడితికి వెళ్ళిపోయాయి. బండ కూడా వాటితోనే వెళ్ళి ఉంటుంది. ఆ రోజుల్లో ఒకరు వాడి పారేసిన తలుపు పెట్టుకున్నామంటే నామోషీ, అందుకే నర్సయ్య ఆ మాట ఎవరికీ చెప్పి ఉండడు. ఇప్పుడు అదే తలుపుని బల్ల చేసి దాని మీద కాఫీ పోస్తే, జనం ఫోటోలు తీసుకుంటున్నారు. పెదనాన్న బతికుంటే ఈ షాపులో ప్రతి బల్లనీ సుత్తితో కొట్టి చూసేవారు. ఆయన లేరన్న సంగతి నాకు ఆ షాపులో తెలిసినంత గట్టిగా ఇంకెక్కడా తెలియలేదు.

వచ్చేటప్పుడు కౌంటరు దగ్గరికెళ్ళి పలక దగ్గరగా చూశాను. కుడివైపు కింద, నేను మోచెయ్యి కదిపిన చోట, ఆ ఒత్తు ఇంకా వంకరగానే ఉంది. వేలితో తడిమాను. షాపు అమ్మాయి నా వెనకే వచ్చి, నవాబు గురించీ, ఆయన బేగం గురించీ, ఢిల్లీ నుంచి పిలిపించిన శిల్పి గురించీ ఇంకో పది నిమిషాలు చెప్పింది. శ్రద్ధగా విని, "ఎంత పనితనమో!" అన్నాను. బయటికొచ్చాక మా మేనకోడలు పట్టుకుంది. "అత్తా, లోపల కాఫీ పొలమారేలా నవ్వావు. ఆ పలక గురించి నీకేదో తెలుసు. ఆ అమ్మాయికి ఎందుకు చెప్పలేదు?"

"ఆ పిల్ల అడగలేదే, నేను చెప్పలేదు" అన్నాను.